పదిహేడు తప్పులు మిగిలుండగానే వచ్చిన ఎక్స్‌రే

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు ఉంది. మా తాండూరులో ఎవరైనా గాలి సోకిందని, నీడ కనబడిందని మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ప్రోగ్రామ్ తప్పు చేసిందంటే ఎవరో ఎక్కడో తప్పు రాశారని అర్థం. వెతికితే దొరుకుతుంది. ఈ సంగతిలో కూడా వెతికాను, దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది మా చిన్నమ్మ అనసూయ. నాపరాయి పాలిష్ యూనిట్లో ఇరవై ఏళ్లు ఆ దుమ్ము పీలుస్తూ నన్ను చదివించింది. పోయిన ఏడాది దగ్గు ఎంతకీ ఆగకపోతే హైదరాబాద్ తీసుకెళ్లాను. స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో ఒక మచ్చ కనబడింది.

డాక్టర్ గారు దాచకుండా చెప్పారు. మచ్చ కొత్తదైతే ఛాతీ కోసి తీసెయ్యాలి. కానీ రాతిదుమ్ముతో పాడైన ఊపిరితిత్తులు ఆపరేషన్‌ను తట్టుకుంటాయన్న నమ్మకం లేదు. ఏళ్ల కిందటి నుంచీ ఇంతే సైజులో ఉన్న పాత మచ్చయితే ముట్టుకోనక్కర్లేదు. పాత ఎక్స్‌రే ఏదైనా ఉంటే తెమ్మన్నారు. వచ్చే మంగళవారం ఆపరేషన్ అని రాసుకున్నారు.

పన్నెండేళ్ల కిందట రాయి మీద పడి చిన్నమ్మ పక్కటెముక విరిగినప్పుడు వికారాబాద్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఆ ఫిల్ము ఇల్లు కురిసి తడిసి పాడైపోయింది, నంబరున్న చీటీ మాత్రం మిగిలింది. గురువారం పొద్దున రైలెక్కి వికారాబాద్ వెళ్లాను.

ఎక్స్‌రే గది చూసుకునే యాదయ్యన్న మూలనున్న పాత కంప్యూటర్ చూపించాడు. "అన్ని గీ డబ్బలనే ఉన్నయ్ చెల్లె. గని తెరుసుకుంటలెవ్వు" అన్నాడు.

విషయమేమిటంటే, ఎక్స్‌రేలు చూపించే ప్రోగ్రామ్‌కు లైసెన్స్ ఎప్పుడో అయిపోయింది. అమ్మిన కంపెనీ కూడా మూతపడింది. యాదయ్యన్న రోజూ పొద్దున్నే కంప్యూటర్ గడియారాన్ని లైసెన్స్ ఉన్న నాటి తేదీకి తిప్పి పని కానిచ్చేవాడు. అట్లా ఏళ్ల తరబడి నడిపించి, నేను వెళ్లడానికి కొన్ని నెలల ముందు ఒకరోజు తిప్పడం మరిచిపోయాడు. ప్రోగ్రామ్ మూసుకుపోయింది, మళ్ళీ తెరుచుకోలేదు. ఇప్పుడు తిప్పి లాభం లేకపోయినా ఆయన రోజూ తిప్పుతూనే ఉన్నాడు.

ఆ డిస్కును ఊడదీసి నా లాప్‌టాప్‌కు పెట్టలేను. దాన్ని చదివే కార్డు ఆ డబ్బాలోనే, ఆ పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే పనిచేస్తుంది. కాపీ చేసుకుందామంటే ఎక్స్‌రేలన్నీ ఒకే పెద్ద ఫైలుగా ఉన్నాయి, ఆ డబ్బా తీసుకునే చిన్న పాత పెన్‌డ్రైవ్‌లో పట్టవు. అలాంటి ఎక్స్‌రే ఫైళ్లను మామూలు ఫోటోలుగా మార్చే ప్రోగ్రామ్ ఈమధ్య ఎవరో రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. అదేమో ఇప్పటి కంపైలర్ల కోసం రాసింది. మనం రాసింది మిషన్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఆ డబ్బాలో ఒకటే ఉంది, ఇరవై ఏళ్ల నాటిది. దానికి కొత్త మాట ఒక్కటీ తెలియదు.

కాబట్టి ఆ కొత్త ప్రోగ్రామ్‌ను వాక్యం వాక్యం పాత పద్ధతిలోకి మార్చుకుంటూ కూర్చున్నాను. మొదటిసారి మూడొందల పైచిలుకు తప్పులు చూపించింది. దిద్దడం, పావుగంట ఆగడం, మళ్ళీ దిద్దడం. పైగా గడియారం వెనక్కి ఉండటంతో నేను తెచ్చిన ఫైళ్లన్నీ దానికి రేపటివి. ఏది మారిందో, ఏది మారలేదో తేల్చుకోలేక ప్రతిసారీ మొదటికొచ్చేది. గడియారం సరిచేద్దామంటే యాదయ్యన్న అడ్డం పడ్డాడు.

"వద్దు చెల్లె, నీకు దండం పెడ్త. ఒక్కపారి తప్పినందుకే అంత బందైంది. గా గడియారం మాత్రం ముట్టకు."

నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన గది, ఆయన డబ్బా. సరేలే అన్నాను. పొద్దున రైల్లో రావడం, సాయంత్రం తాండూరు పోవడం. ఇంట్లో చిన్నమ్మ ఏమీ అడిగేది కాదు, నా ముఖం చూసి అన్నం పెట్టేది. ఆ అడగకపోవడమే నన్ను తినేసేది.

శనివారం మధ్యాహ్నానికి పదిహేడు తప్పులు మిగిలాయి. కళ్లు మండుతున్నాయి. యాదయ్యన్న గదికి తాళమేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకొని, ఎదురుగా ఉన్న హోటల్‌కు నన్ను కూడా తీసుకెళ్లాడు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర తిన్నాం. రెండున్నరకు వచ్చి తాళం తీశాం.

తెర మీద అవే పదిహేడు తప్పులు ఉన్నాయి. కానీ పక్కన ఫోల్డర్‌లో కొత్త ఫైలు ఒకటి ఉంది. దాని పేరు చిన్నమ్మ పాత ఎక్స్‌రే చీటీ మీదున్న నంబరు. అది ఫోటో ఫైలు. నా ప్రోగ్రామ్ పూర్తయితే ఎలాంటి ఫైలు రాయాలో సరిగ్గా అలాంటిది. పూర్తయిన ప్రోగ్రామ్ మాత్రం డిస్కులో ఎక్కడా లేదు.

ఫైలు తయారైన తేదీ చూశాను. ఆ రోజుదే. మధ్యాహ్నం రెండుంబావు. కింద మూలన ఆ కంప్యూటర్ గడియారం మాత్రం ఎన్నో ఏళ్ల కిందటి తేదీనే చూపిస్తోంది. ఆ డబ్బాకు ఆ రోజేమిటో తెలిసే దారే లేదు. ఇంటర్నెట్ వైరు కూడా లేదు.

భయం కంటే ముందు కోపం వచ్చింది. ఎవడో నాతో ఆడుకుంటున్నాడనుకున్నాను.

"నువ్వే జేసినవ్ గద చెల్లె?"

"లేదన్నా. ఇంకా కానే లేదు."

యాదయ్యన్న జేబులో తాళంచెవి తడిమి చూసుకున్నాడు. కిటికీ గడియ కూడా చూసొచ్చాడు.

పాత పెన్‌డ్రైవ్‌లో వేసుకొని నా లాప్‌టాప్‌లో తెరిచాను. ఛాతీ ఎక్స్‌రే, విరిగిన ఎముక, కుడివైపు మచ్చ. అక్కడే కూర్చొని డాక్టర్ గారికి పంపించాను. ఎలా వచ్చిందో రాయలేదు.

సోమవారం ఆయనే ఫోన్ చేశారు. స్కాన్‌లో వంకరగా అతుక్కున్న ఎముకా, ఇందులో విరిగిన ఎముకా ఒకటే, చిత్రం ఆమెదే. మచ్చ అప్పుడూ అంతే ఉంది. ఆపరేషన్ అక్కర్లేదు. నేను రోడ్డు మీదే ఏడ్చేశాను.

కానీ మనసు ఊరుకోలేదు. మరుసటి శనివారం మళ్ళీ వెళ్లి ఆ పదిహేడు తప్పులూ దిద్దాను. ప్రోగ్రామ్ నడిచింది. ఏ నంబరు కొడితే ఆ ఎక్స్‌రే వచ్చింది. చిన్నమ్మ నంబరు దగ్గర డిస్కు కర్రుమని ఆగిపోయింది. పదిసార్లు ప్రయత్నించాను. డిస్కులో ఆ భాగం చదవడానికే వీల్లేకుండా పాడైపోయి ఉంది.

"గా నంబర్లకాడ రెండేండ్ల సంది గట్లనే మొత్తుకుంటది" అన్నాడు యాదయ్యన్న.

అంటే ఆ శనివారానికి నా ప్రోగ్రామూ లేదు, అది చదవాల్సిన ఎక్స్‌రే కూడా లేదు. అలసటలో నేనే ఏదో చేసి మరిచిపోయానేమోనని కూడా అనుకున్నాను. చేయడానికి అక్కడ ఏముంది? ఆ ఫైలును ఇప్పటికీ అప్పుడప్పుడు తెరిచి చూస్తాను, తేదీ మారలేదు.

ఆరు నెలల తర్వాత స్కాన్‌లో మచ్చ అలాగే ఉంది. బస్సులో బషీరాబాద్ పోయేటప్పుడు పక్కసీటామెకు కూడా చిన్నమ్మ చెప్తుంది: "నా బిడ్డ గా పాత డబ్బల కెల్లి నా ఫోటో గుంజింది. నా పానం నిలవెట్టింది." విన్న ప్రతిసారీ నాకు ఎక్కడన్నా దాక్కోవాలనిపించేది.

మొన్న ఇంట్లో మళ్ళీ అదే మాట అంటే ఆగలేకపోయాను. "నేను తియ్యలేదు చిన్నమ్మా" అని ఉన్నదున్నట్టు మొత్తం చెప్పాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మరెవలు దీసిండ్రు బిడ్డా?"

"తెల్వదు చిన్నమ్మా."

చిన్నమ్మ ఛాతీకి కుడివైపు, మచ్చున్న చోట చెయ్యి పెట్టుకుంది.