దుకాణం ముందు ఆగిన మనిషి

పోయిన ఆదివారం మా అమ్మాయి నన్ను పట్టుబట్టి ఎల్బీనగర్‌లో కొత్తగా కట్టిన మాల్‌కు సినిమాకు తీసుకువెళ్లింది. మోకాళ్ల నొప్పులనీ, చీకట్లో మెట్లు కనపడవనీ, ఆ చప్పుడుకు చెవులు గుయ్యిమంటాయనీ ఎంత చెప్పినా వినలేదు. "ఇంట్ల కూసొని ఎవరెవరి మీదనో కోపం తెచ్చుకునుడు కంటె సినిమా నయం కాదా నాన్నా" అంటూ చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది. నా కోపాలంటే మా ఇంట్లో అందరికీ వేళాకోళమే. ఎవరేమన్నదీ నేను మరిచిపోనని నవ్వుతారు గానీ, అన్నవాళ్లు ఎందుకన్నారని మాత్రం ఎవరూ అడగరు.

సినిమా ఒక గూఢచారి కుర్రవాడి కథ. మన కాలపు సినిమాల్లోలాగా నల్ల కళ్లద్దాలు, తలుపులు వాటంతటవే తెరుచుకునే గుహలు, క్లబ్బు డాన్సులు ఇందులో లేవు. ఆ అబ్బాయి మామూలు చొక్కా వేసుకుని బస్సెక్కుతాడు, టీ కొట్టు దగ్గర గంటలకొద్దీ నిలబడి ఎవరి రాకపోకలో గమనిస్తాడు, ఏం ఉద్యోగమని తల్లి అడిగితే లెక్కలు రాసే పని అని అబద్ధం చెబుతాడు. అచ్చం నిజంలాగే ఉందని వెనక వరుసలో పిల్లలు మెచ్చుకుంటూంటే, నిజం ఎలా ఉంటుందో వీళ్లకేం తెలుసని నాకు ఒళ్లు మండింది. అంతలో తెర మీద పై అధికారి ఆ అబ్బాయికి చేయి అందిస్తూ, నీ గురించి మీ వీధిలో వాకబు చేశాం, ఒక్కరు కూడా చెడుగా చెప్పలేదు అన్నాడు. ఆ తరువాత సినిమా ఏమైందో నాకు తెలియదు. కళ్లు తుడుచుకుంటున్నావేమని మా అమ్మాయి అడిగితే ఏసీ పడలేదన్నాను.

ఆ ఉద్యోగం నాకు రావలసింది. ఈ మాట నా భార్యకూ తెలియదు, బిడ్డకూ తెలియదు. నా వయసు వాళ్లు చదువుతారని ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మేము దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక సందులో కిరాయికి ఉండేవాళ్లం. ఇప్పుడక్కడ మెట్రో స్తంభాలు, చీరల షోరూములు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న కోచింగ్ సెంటర్ల బోర్డులు తప్ప ఆకాశం కనపడదు గానీ, మా రోజుల్లో ఎల్బీనగర్ వైపు నడిస్తే ద్రాక్షతోటలు వచ్చేవి, సాయంత్రమైతే సైకిళ్ల మీద పాలక్యాన్లు తప్ప రోడ్డు మీద పెద్దగా ఏమీ ఉండేది కాదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మకు దిక్కు తమ్ముడే, అంటే మా మేనమామ. సందు మొదట్లో ఆయన కిరాణా దుకాణం. మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ దుకాణం బియ్యంతోనే వెలిగింది, కాదనను. కానీ డిగ్రీ చదువుతున్న నన్ను పదిమంది కొనుగోలుదార్ల ముందు నిలబెట్టి, "సదువు, సదువు అల్లుడా, సదివి సదివి నా దుకాణంలనే పొట్లాలు కడుదువు" అని ఆయన నవ్విన నవ్వు కూడా నేను మరిచిపోలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల పుట్టినప్పుడే నా పెళ్లామని పెద్దవాళ్లు అనేసుకున్నారు. మన ఇళ్లలో ఇలాంటి మాటలు సగం సరదాగా మొదలై, పిల్లలు ఎదిగేసరికి ఖాయమైపోతాయి కదా. పైకి చెప్పలేదు గానీ నాకూ ఆ పిల్లంటే ఇష్టమే. మంచి ఉద్యోగం తెచ్చుకుని, పొట్లాలు కట్టే వాడిని కాదని చూపించి, అప్పుడు తలెత్తి అడగాలనుకున్నాను.

సర్కారు నిఘా శాఖ పరీక్ష రాశాను, ఇంటర్వ్యూ కూడా బాగా జరిగింది. చివర ఒక పెద్దాయన నన్ను వేరే గదిలో కూర్చోబెట్టి, ఇక ఈ సంగతి కన్నతల్లికి కూడా చెప్పకూడదనీ, తమ మనిషి మా వీధికి వచ్చి నా గురించి విచారిస్తాడనీ, ఎప్పుడు వచ్చేదీ ఎలా వచ్చేదీ నాకు తెలియదనీ చెప్పాడు. చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పలేదు. రైల్వేలో గుమాస్తా పరీక్ష రాశానని అమ్మను నమ్మించాను. ఇంట్లోనే నోరు కుట్టుకుని ఉండడం ఎంత కష్టమో ఆ నెలల్లో తెలిసింది.

ఇక్కడ ఆ కాలపు పద్ధతి ఒకటి గుర్తు చేయాలి. పిల్లనివ్వదలచిన వాళ్లు నేరుగా ఇంటికి వచ్చేవాళ్లు కాదు. ముందు ఒక పెద్దమనిషి సందు మొదట్లోని దుకాణం ముందు ఆగి, సోడా తాగుతూ, ఏమీ ఎరగనట్టు ఫలానా అబ్బాయి ఎలాంటివాడని మాట కలిపేవాడు. తాగుతాడా, ఎవరితో తిరుగుతాడు, ఇంటికి ఎప్పుడు చేరతాడు, ఇవే ప్రశ్నలు. సంబంధం కలపాలనుకున్నా చెడగొట్టాలనుకున్నా దుకాణదారు నోటిమాట చాలు.

ఒక సాయంత్రం నేను అన్నం తింటూండగా మామ మా ఇంట్లోకి అడుగు పెడుతూనే పకపకా నవ్వాడు.

"అక్కా, మలక్‌పేటోళ్లు నీ కొడుకు మీద కన్నేసిన్రు. ఇయ్యాల పొద్దుగాల తెల్లంగి ఏసుకొని ఒకాయన ఒచ్చిండు. తాగుతడా, దోస్తులెవరు, ఒక్కటే అడుగుడు."

అంతకు ముందు మలక్‌పేట వాళ్లెవరో ఒక సంబంధం గురించి కబురు పంపిన మాట నిజమే.

"ఏం జెప్పినవ్ తమ్మీ?" అంది అమ్మ.

"ఏం జెప్త? నా బిడ్డ ఉండంగ పరాయోళ్లకు ఇస్తనా అల్లున్ని? పిలగాడు మంచోడే సారూ, గాని జర తాగుతడు, గా అన్నలతోటి తిరుగుతడు, ఏనాడు పోలీసులు పట్కపోతరో అని మాకు పరేషాన్ అన్న. సోడా సగంల ఇడిసిపెట్టి పోయిండు!"

అన్నలంటే అడవిలో తుపాకులు పట్టినవాళ్లని ఆ రోజుల్లో చిన్నపిల్లవాడికీ తెలుసు. ఏ ఆడపిల్ల తండ్రయినా ఆ మాట వింటే వెనక్కి చూడకుండా పోతాడని మామ లెక్క. కంచం పక్కకు జరిపాను. ఆ వచ్చినాయన నా కాలేజీ సంగతి అడిగాడా అని అడిగాను. అడిగాడన్నాడు. ఊరి నుంచి ఎప్పుడు వచ్చామని అడిగాడా? అదీ అడిగాడు. పెళ్లివాళ్లకు అవన్నీ ఎందుకు? ఆయన పెళ్లి కోసం రాలేదు మామా అని అప్పుడు చెప్పాను, కన్నతల్లికి కూడా చెప్పకూడని మాట.

మరునాడు మామ దుకాణం తెరవలేదు. నాతో పాటు ఆ ఆఫీసుకు వచ్చి, గేటు దగ్గరి జవానుకు దండం పెట్టి, "నేను అబద్ధం చెప్పిన సార్, పెండ్లి సంబంధమనుకున్న, పోరడు బంగారం సార్" అని బతిమాలాడు. ఇక్కడ అలాంటి ఉద్యోగాలేవీ లేవు పొమ్మన్నాడు జవాను. ముందు చెడు చెప్పి తరువాత మంచి చెప్పే మనిషిని ఎవరు నమ్ముతారు? ఎదురు చూశాను. పిలుపు రాలేదు. ఎందుకు రాలేదో అడగడానికి ఒక కిటికీ అయినా లేని ఆఫీసు అది. నా జీవితంలో ఎన్నో ఆఫీసులకు అర్జీలు పెట్టి పోట్లాడాను గానీ, అన్నిటికంటే పెద్ద అన్యాయానికి అర్జీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మామ పెళ్లి మాట ఎత్తాడు. నేను కాదన్నాను. అమ్మ ఏడ్చింది, అన్నం మానింది. "వాని నోరు చెడ్డది గాని మనసు చెడ్డది గాదు బిడ్డా" అని ఎన్నిసార్లు చెప్పిందో. నేను వినలేదు. ఒక మధ్యాహ్నం మరదలు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు.

"బావా, నేనేం జేసిన?" అని మాత్రం అంది.

తను ఏమీ చేయలేదు. కానీ నేను మాత్రం ఏం చేశాను? నన్నెవరడిగారు? ఆ పిల్ల గుమ్మం దగ్గర నుంచే వెళ్లిపోయింది. మరుసటి ఏడు నల్గొండ వైపు ఇచ్చారు. ఆ పెళ్లికి అమ్మ ఒక్కతే వెళ్లింది. నేను ఒక కంపెనీ గోదాములో చేరి, బయట సంబంధం చేసుకుని, సైదాబాద్‌కు మారిపోయాను. మామతో మాట్లాడలేదు. రాఖీ పున్నమి నాడు అమ్మను దుకాణం దాకా దింపి, రోడ్డు ఇవతలే నిలబడేవాడిని. ఆయన అవతల నుంచి నన్ను చూస్తూ చేయి చాపి రాఖీ కట్టించుకునేవాడు.

అమ్మ పోయిన తరువాత కొంతకాలానికి మామ దవాఖానలో ఉన్నాడని తెలిసింది. మొండివాడినే అయినా వెళ్లాను. మంచం దగ్గర నిలబడ్డాను, ఏమీ మాట్లాడలేదు. ఆయనా నాతో మాట్లాడలేదు. పక్క మంచం మనిషి వైపు తిరిగి, అతను అడగకుండానే, "మా అక్క కొడుకు. ఒక్క చెడ్డ అలవాటు లేదు. గిట్లాంటి పిలగాడు మా సందుల ఇంకొకడు లేకుండె" అని, ఊపిరి అందక ఆగి ఆగి, చెప్పుకుంటూ పోయాడు. ఆ మనిషి నిద్రపోయినా ఆపలేదు.

ఇప్పుడు సంబంధాలు ఫోన్లలో చూసుకుంటున్నారు. ఉద్యోగాల వాళ్లు కూడా కంప్యూటర్లలోనే మనిషిని జల్లెడ పడుతున్నారట. మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు తలుపు వాళ్ల ఇంటిపేరు నాకు తెలియదు, నాది వాళ్లకు తెలియదు. ఒక విధంగా మంచిదే, నోటిమాటతో ఇంకొకరి బతుకు పాడయ్యే రోజులు పోయాయి. మామ చేసింది తప్పే, ఇప్పటికీ తప్పే అంటాను. అయితే ఈ రోజు నేను ఎలాంటివాడినని ఎవరైనా వచ్చి అడిగితే, మంచో చెడో ఒక మాట చెప్పడానికి ఇంత నగరంలో మనిషి లేడు. ఎక్కడ నేను తనకు పరాయివాణ్ణి అయిపోతానో అని భయపడి నా మీద అబద్ధం చెప్పినవాడు ఒక్కడే ఉండేవాడు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆయనతో నేను మాట్లాడలేదు.