తీగల చాటు మూడో గొట్టం

పాతబడ్డ పెట్రోలు బంకును చట్టప్రకారం మూయించాలంటే ఆ చుట్టుపక్కల అందరూ ముందు తలుచుకునేది ముక్కు మేస్త్రినే. ముక్కు పొడుగని వచ్చిన పేరు కాదది. పిడికెడు మట్టి తీసి వాసన చూసి, కారింది పెట్రోలో డీజిలో, కొత్తదో పాతదో చెప్పేసేవాడు. అలాగని ముక్కును నమ్ముకుని పని చేసే రకం కాదు. ట్యాంకులో మిగిలిన నూనెను అడుగు మడ్డితో సహా తోడించేవాడు. ఆవిరి అంటుకోకుండా డ్రై ఐసు ముక్కలు దించేవాడు. ఆ తర్వాత గ్యాసు మీటరు గొట్టాన్ని పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా పెట్టి చూసేవాడు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుగునే నక్కి ఉంటుంది.

"పైపైన చూసి బాగుందంటే, చొక్కా చూసి పిల్లనిచ్చినట్టేరా," అనేవాడు కూలీలతో.

ఇంకో మాట కూడా చెప్పేవాడు. "ముందు గాలి గొట్టాలు లెక్కపెట్టండి. ట్యాంకుకొకటి ఉంటుంది. కాగితం అబద్ధం చెబుతుందేమో గానీ గొట్టం చెప్పదు."

అంతటి మేస్త్రి ఆ రోజు ఒక పిల్లల బడి గేటు ముందు ఆగిపోయాడు.

"రా నాన్నా, నిలబడిపోయావేంటి? నిన్నేం చేర్చుకోరులే," అని కూతురు నవ్వింది.

మూడున్నరేళ్ళ పాపకి బడి వెతకడానికి ఆమె రెండు నెలలు తిరిగింది. కిటికీలకి ఊచలున్నాయా, నీళ్ళు కాచి పోస్తారా, మెట్ల పక్కన కమ్మీ ఉందా అని అడిగి అడిగి టీచర్ల ప్రాణాలు తోడేసింది. చివరికి ఈ బడి ఖాయం చేసుకుంది. ఎక్కడో మాత్రం తండ్రికి చెప్పలేదు. చూపించి మురిపిద్దామనుకుంది.

పెద్ద టీచరు గదిలో గోడకి అద్దం బిగించిన కాగితం ఒకటి వేలాడుతోంది. స్థలంలోని రెండు ట్యాంకులూ తీసేశారనీ, మట్టి పరీక్ష చేయించారనీ, ఇక ప్రమాదం లేదనీ దాని సారాంశం. అడుగున మేస్త్రి సంతకం.

"మా నాన్నదేనండీ ఆ సంతకం," అంది కూతురు. "బంకున్న స్థలమంటే గడప కూడా తొక్కేదాన్ని కాదు. ఆయన చేతిమీదుగా శుభ్రమైందని తెలిశాకే వచ్చాను."

"అయ్యో, మీరా! కూర్చోండి, కూర్చోండి," అని పెద్ద టీచరు తన కుర్చీయే జరిపింది. మేస్త్రి కూర్చోలేదు. ఆ సంతకం వంక చూడలేక కిటికీ వైపు తిరిగాడు. తీరా అక్కడ వెనక గోడే కనిపించింది.

నాలుగేళ్ళ కిందట ఆ గోడంతా తీగలు అల్లుకుని ఉండేవి. ముందు గోడ దగ్గర రెండు గొట్టాలున్నాయి, యజమాని కాగితంలోనూ రెండు ట్యాంకులే ఉన్నాయి. మేస్త్రి వెనక్కి వెళ్ళి చూడకుండానే రెండని అనుమతులిచ్చే ఆఫీసుకి రాసిచ్చాడు. రెండూ తవ్వి తీసి, గోతులు పూడ్చి, తవ్వే యంత్రాన్ని లారీ ఎక్కించాక, చివరిరోజు తీగలు నరుకుతుంటే మూడో గొట్టం బయటపడింది. గంటలో తనిఖీకి ఆఫీసరు వస్తాడు. చుట్టూ తను పని నేర్పినవాళ్ళే ఉన్నారు. లెక్కపెట్టమని అందరికీ చెప్పి, తను లెక్కపెట్టలేదని వాళ్ళెదుట ఒప్పుకోలేకపోయాడు.

"పాత నీళ్ళ గొట్టంలే," అన్నాడు. నేలమట్టానికి కోయించి సిమెంటు పూశాడు. తర్వాత వచ్చి చూద్దామనుకున్నాడు. రేపు, ఎల్లుండి అంటూ నాలుగేళ్ళు గడిచాయి.

"మీ ముక్కు సంగతి మీ అమ్మాయి చెప్పింది," అంది పెద్ద టీచరు. "ఈ ఏడు వానలకి వెనకవైపు ఏదో వాసనండీ. పక్క స్కూటర్ల షెడ్డుదేమో అనుకుంటున్నాం. మీరేమంటారు?"

"షెడ్డుదే అయ్యుంటుందమ్మా," అన్నాడు మేస్త్రి. అంత తొందరగా ఎలా అనగలిగాడో అతనికే తెలియదు.

అప్పుడే పాప పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ప్లాస్టిక్ గరిటె నిండా తడిమట్టి ఉంది. దాన్ని తాత ముక్కు దగ్గరే పెట్టింది.

"తాతా, చూడు! మట్టికి నీ చొక్కా వాసనొస్తోంది!"

కూతురు నవ్వబోయి తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. మేస్త్రికి వాసన చూడనక్కర్లేకపోయింది. వాన నీళ్ళు తుప్పు చిల్లుల్లోంచి ట్యాంకులోకి దిగాయి. నీళ్ళమీద తేలిన పాత డీజిలు కోసేసిన గొట్టం వెంట, పగిలిన సిమెంటులోంచి పైకి ఊరుతోంది.

"పాప చేతులు కడుగు," అన్నాడు కూతురితో. "సబ్బుతో, రెండుసార్లు." తర్వాత పెద్ద టీచరు వైపు తిరిగాడు. "షెడ్డుది కాదమ్మా. ఇక్కడ మూడో ట్యాంకుంది. నాకు అప్పుడే తెలుసు. దాచాను."

"నలభైమంది పిల్లలండీ..." అంది ఆమె.

పిల్లల్ని ముందు గేటులోంచి ఇళ్ళకి పంపేశారు. ఆఫీసుకి మేస్త్రే ఫోన్ చేశాడు. మూడోరోజు వేరే బృందం వచ్చింది. దాని పెద్ద ఒకప్పుడు అతని దగ్గర కూలీగా చేరినవాడే. ఆవరణ చుట్టూ తాడు కడుతూ, తల పైకెత్తకుండా, "మేస్త్రీ, కొంచెం వెనక్కి జరుగుతారా," అన్నాడు. మీటరును మూడుచోట్లా పెట్టి చూశాడు. ఒక్క మెట్టూ తప్పలేదు.

ఆఫీసరు కాగితం తీశాడు. "ఆ రోజు మీరు చూసిన గొట్టాలెన్ని?"

"మూడండి."

లైసెన్సు ఆపేశారు. దానికి మేస్త్రి పెద్దగా బాధపడలేదు. పక్కన నిలబడ్డ కూతురు తన వంక కాక ఆ కాగితం వంకే చూస్తుండడం అతన్ని తినేసింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఆమె అడిగింది.

"పాప ఆ మాట అనకపోతే చెప్పేవాడివా నాన్నా?"

అవుననాలని ఉంది. "ఏమోనమ్మా," అన్నాడు.

"ఇలాంటివి ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"లేవమ్మా."

అది నిజమే. కానీ షెడ్డుదే అన్న మాట కూడా అతను అదే గొంతుతో చెప్పాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఆమె బీరువా మీది పాత ఫైళ్ళ కట్ట దించి, దుమ్ము దులిపి, తండ్రి ఎదురుగా నేలమీద కూర్చుంది. మొదటిది తెరిచింది.

"చెప్పు. ఇక్కడ ఎన్ని గొట్టాలు? రేపు నేను వెళ్ళి చూస్తాను."