అరవై మూడు చుట్లు

తొల్లెఫ్ తన పొలాన్ని బండి చక్రంతో కొలుచుకున్నాడు. మిన్నెసోటా పడమటి మైదానంలో తొలిసారి కాలుపెట్టిన వాళ్ళంతా అలాగే కొలుచుకున్నారు. చక్రానికి ఎర్ర గుడ్డపేలిక కట్టడం, బండి తోలడం, పేలిక పైకి వచ్చినప్పుడల్లా ఒకటి, రెండు అని లెక్కపెట్టడం. చెట్టు లేదు, రాయి లేదు, నడుమెత్తు గడ్డి తప్ప కంటికి ఆనవాలంటూ ఏమీ లేదు. అతను ఎడ్ల పక్కన నడిస్తే, భార్య ఆస్లాగ్ బండిలో వెనక కూర్చుని వెనక చక్రం చుట్లు లెక్కపెట్టింది. ఒళ్ళో నాలుగేళ్ళ మారిత్ తనకు వచ్చిన మూడంకెలనే మళ్ళీ మళ్ళీ అరిచింది.

"ఏమయ్యా, నీ కూతురి లెక్కలో మనకి మూడు చుట్ల పొలమే!" అని నవ్వింది ఆస్లాగ్.

"చాల్లే. ఈ గడ్డి వేళ్ళు చూస్తే ఆ మూడు దున్నేసరికే నా నడుం విరిగేట్టుంది."

మట్టిపెళ్ళలు కోసి ఇల్లు కట్టారు. వాన పడితే, బయట వెలిశాక కూడా ఇంట్లో ఒక రోజు కురిసేది. గంజి తాగి, వేయించిన బార్లీని కాఫీ అనుకుని, మొదటి ఏడు గడిపారు.

రెండో ఏడు సెప్టెంబరులో మారిత్‌కి గొంతు పూడుకుపోయే జబ్బు చేసింది. మూడు రోజులే ఉంది. అప్పటికి ఆస్లాగ్ కొడుకుని కని వారమైంది. ఒళ్ళు తెలియని జ్వరంలో పడి ఉంది. తొల్లెఫ్ బండి పక్క పలకలు ఊడదీసి పెట్టె చేశాడు. నీరు నిలవని మెరక మీద పెట్టాలని, పొలం హద్దు దిబ్బ నుంచి తూర్పుకి ఒక్కడే బండి తోలుకెళ్ళాడు. మారిత్ ఎర్ర గౌను అంచు చింపి చక్రానికి కట్టాడు. అరవై మూడో చుట్టు దగ్గర ఆపి తవ్వాడు. కొయ్య సిలువ పాతి ఇంటికొచ్చాడు.

నెల తిరక్కుండా గడ్డి అంటుకుంది. మట్టి ఇల్లు నిలిచింది, హద్దు దిబ్బ నిలిచింది. సిలువ బూడిదైంది. మంచు కరిగాక ఆ నేలంతా ఒకే పచ్చగా లేచింది.

చలికాలమంతా మంచం మీదే ఉన్న ఆస్లాగ్ లేచిన రోజు అడిగిన మొదటి మాట, "పిల్లని ఎక్కడ పెట్టావో చూపించు."

"కొలత ఉంది, దిగులుపడకు" అన్నాడు. వెనక చక్రానికి పేలిక కట్టి అరవై మూడు చుట్లు లెక్కపెట్టి కొత్త సిలువ పాతాడు.

ఇక ప్రతి ఆదివారం ఆమె అల్లిక పట్టుకుని అక్కడికి వెళ్ళి కూర్చునేది. "నీ తమ్ముడికి పన్నొచ్చిందే. మీ నాన్న కొన్న ఆవు పొగరుబోతుది" అంటూ ఇంటి కబుర్లన్నీ చెప్పేది. వచ్చేటప్పుడు మొహం తేలికపడి ఉండేది.

రెండేళ్ళ తర్వాత తొల్లెఫ్ ఒక్కడే కొత్త పొలం చెక్క కొలుస్తున్నాడు. ఎడ్ల పక్కన నడుస్తూ వెనక చక్రం కోసం మాటిమాటికీ తిరిగి చూసి మెడ పట్టేసింది. ఎడ్లను ఆపి అలాగే నిలబడిపోయాడు. పిల్లని పెట్టిన రోజూ తను ఒక్కడే కదా. వెనక చక్రాన్ని ఎలా చూశాడు? పేలిక ముందు చక్రానికి కట్టి ఉంటాడా? ఎంత ఆలోచించినా గౌను అంచు ఎర్రదనం గుర్తొస్తోంది గాని, అది ఏ చక్రం మీదుందో గుర్తు రావడం లేదు.

ముందు చక్రం చిన్నది. దానితో కొలిస్తే అరవై మూడో చుట్టు సిలువకి యాభై అయిదు అంగల ఇవతలే ముగిసింది. అక్కడా అదే గడ్డి.

ఇంట్లో చెప్పలేదు. ఆ యాభై అయిదు అంగల మేర మాత్రం నాగలి పెట్టలేదు.

పొరుగు రైతు ఎస్తెన్ ఊరుకుంటాడా? "ఏమోయ్, పొలానికి నడిమధ్య జడ వేశావు? పూలు కూడా పెట్టు!"

"ఎడ్లకి మేత" అన్నాడు తొల్లెఫ్.

మరో రెండేళ్ళకి పాస్టరుగారు ఆ వైపు వచ్చారు. పాస్టరు లేకుండా పూడ్చిన వాళ్ళకి, ఆయన వచ్చినప్పుడు సమాధి మీద మూడు పారల మట్టి వేసి ప్రార్థన చదివితేనే సాగనంపినట్టు. ఆస్లాగ్ నాలుగేళ్ళుగా ఎదురుచూసింది ఇందుకే. ఉన్న ఒక్క నల్ల గౌను ఉతికి ఆరేసింది.

ఎస్తెన్ కుటుంబం కూడా వచ్చింది. అందరూ సిలువ చుట్టూ నిలబడ్డారు. పాస్టరుగారు పార కోసం చెయ్యి చాపారు. తొల్లెఫ్ పార ఇవ్వలేదు.

"ఇక్కడ కాదేమోనండీ" అన్నాడు.

"ఏమిటి కాదేమో?" అంది ఆస్లాగ్.

తల వంచుకుని చక్రం సంగతంతా చెప్పాడు.

"నాలుగేళ్ళు" అంది ఆస్లాగ్. "మరి ఆదివారం ఆదివారం నేనెవరితో మాట్లాడానయ్యా?"

పాస్టరుగారు నెమ్మదిగా, "రెండు చోట్లా తవ్వి చూద్దామా, అమ్మా?" అన్నారు.

"వద్దండీ. పారలతో నా పిల్లని వెతకొద్దు."

ఆయన తొల్లెఫ్ చేతిలోని పార తీసుకున్నారు. సిలువ దగ్గర ఒక పార మట్టి వేశారు. పుస్తకం చదువుతూ నడిచి నడుమ ఒకటి, ముందు చక్రం చెప్పిన చోట ఒకటి వేశారు. "పుస్తకంలో ఇలా లేదు. నాకింతకంటే తోచలేదు" అన్నారు.

ఎస్తెన్ వెళ్ళేటప్పుడు తొల్లెఫ్ భుజం మీద చెయ్యి వేసి, "ఆ జడ మాట నేనననట్టే అనుకో" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా ఆస్లాగ్ మొగుడితో పనికి కావలసినంతే మాట్లాడింది. ఆదివారాలు మానలేదు. అయితే ఇక ఎక్కడా కూర్చునేది కాదు. ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేది, నోరు కదిలేది కాదు. కోతలప్పుడు ఒక ఆదివారం గుమ్మంలో ఆగి, "రా, నువ్వు కూడా" అంది. వెళ్ళాడు.

చెక్క ఇల్లు వచ్చింది, పక్కనే చర్చీ వచ్చింది. కొడుకు ఎర్లెన్ పెద్దవాడై నాగలి పట్టాడు. తండ్రిని కారణం అడగకుండానే ఆ గడ్డి దగ్గర నాగలి పైకెత్తేవాడు.

ముప్ఫై ఏళ్ళకి ఆస్లాగ్ మంచాన పడింది. "చర్చీ పక్కన చోటు చూడమంటావా?" అని అడిగాడు తొల్లెఫ్.

"అక్కడెందుకు? ఆ గడ్డిలోనే పెట్టు. ఈ కొసా వద్దు, ఆ కొసా వద్దు, నడిమధ్యన. ఎటు నుంచి పిలిచినా వినబడుతుంది."

ఆమె గొయ్యి తొల్లెఫ్ ఎర్లెన్‌ని తవ్వనివ్వలేదు. పై మట్టి తియ్యగానే పార పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తీశాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. నల్ల మట్టి, వేళ్ళు, ఆ కింద పసుపు మట్టి. ఇంకేమీ తగల్లేదు.

ఇప్పుడు ఆదివారాలు అతనొక్కడే నడుస్తాడు. ఆస్లాగ్ దగ్గర కాసేపు ఆగి, చివరిదాకా వెళ్ళి వస్తాడు. అడుగులు లెక్కపెట్టే అలవాటు పోలేదు. యాభై అయిదు అంగల చోటుకి ఈమధ్య డెబ్బై పడుతున్నాయి.