పెద్దవలకు పక్కపేట తోడు

కళింగపట్నంలో మా పేట పెద్దవల ఈ ఏడు మళ్ళీ నీళ్ళలో పడింది. ఎలా పడిందో ఇప్పుడే రాసిపెట్టకపోతే, రేపు ఎవరో ఒకరు అదృష్టం కొద్దీ పడిందంటారు. అదృష్టం కాదు. అందుకే రాస్తున్నాను.

పెద్దవల పేట మొత్తానిది. పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా పరిచాక, రెండు కొసల తాళ్ళనూ ఒడ్డు నుంచి రెండు జట్లు సమంగా లాగాలి. మా కుర్రాళ్ళలో చాలామంది గుజరాత్ బోట్ల మీదికి పనికి పోయారు. నిరుడు ఉన్నవాళ్ళమే లాగి చూశాం. ఒక జట్టు వెనకబడి వల వంకరపోయింది. చేపంతా ఆ పక్కనుంచి జారిపోయింది. ఇక వల కోసి, ముక్కలు పెరటి పాదులకు కంచెగా పంచుకుందామన్న మాట పుట్టింది.

నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. శ్రీకాకుళం గ్రంథాలయమే నా కాలేజీ అని గర్వంగా చెప్పుకుంటాను. వేటాడి, దుంపలూ కాయలూ ఏరుకుని బతికిన ఆదిమానవుల గురించి ఒక పుస్తకం అక్కడే చదివాను. కొన్ని గుంపుల పనిముట్లు సాదాగా, కొన్నింటివి ఎన్నో భాగాలు కూర్చినవిగా ఎందుకుండేవన్నది అందులో ప్రశ్న. వేట తప్పితే పస్తే అన్నచోట మనిషి బుర్ర పెట్టి మంచి పనిముట్టు చేసుకుంటాడని కొందరు పండితులంటారు. అదొక్కటే చాలదని మరికొందరు: చూసి నేర్చుకోవడానికి పదిమంది ఉండాలి, గుంపుకీ గుంపుకీ రాకపోకలుండాలి, లేకపోతే తెలిసిన పని కూడా కొన్ని తరాల్లో మరుగునపడుతుందని. ఆ వాదం ఇంకా తేలలేదు. నాకు మాత్రం మా వల కళ్ళముందు మెదిలింది. ఎవరి ఒడ్డు ఎక్కడిదాకా అని ఎప్పుడో గొడవపడ్డాక పక్కపేటతో మాకు మాటల్లేవు.

వల కోద్దామని మొదట అన్నది మా బావే. పక్కపేటను పిలుద్దామని ఆయనతోనే అన్నాను.

"ఏట్రా, నీ పుస్తకంలో సేపలు గానీ పడతన్నాయేటి?"

"మనుషులు పడాల బావా. ఆల్లకీ జనం సాలట్లేదు."

"ఆల్ల గుమ్మం తొక్కితే మన పరువేటి?"

"పరువు ఎండబెడితే ఎవులు కొంతారు?"

గొణుక్కుంటూనే నా వెంట వచ్చాడు. పక్కపేటలో చేపల అమ్మకం చూసుకునే పెద్దమ్మ మాటే చెల్లుతుంది. "ఇన్నాల్లకి దారి తెలిసినాదేటి మీకు?" అని, రెండు షరతులు పెట్టింది. పడింది చెరిసగం. చేపలు చేరే వల చివరి సంచి మాత్రం తమ పద్ధతిలో, మెడ ఇరుగ్గా అల్లాలి.

"మా తాతల సంచికి ఏటయిందట?" అన్నాడు బావ.

"ఏటీ అవలేదు నాయనా. సేపలు సక్కగా లోపలికొచ్చి, సక్కగా ఇంటికెల్లిపోతన్నాయి."

ముందు నవ్వింది బావే. రెండు పేటలవాళ్ళం ఇసుకలో కూర్చుని సంచి కొత్తగా అల్లాం. లాగిన రోజు చేప విరగబడలేదు. వల మాత్రం తిన్నగా వచ్చింది, సంచిలో పడింది సంచిలోనే ఉంది. ఇప్పుడది ఇరుపేటల వల. కోయాలన్నా ఇరుపేటలూ ఒప్పుకోవాలి, నేను ఒప్పుకోను.

ఒక పేట అనుభవంతో వేల ఏళ్ళ నాటి ప్రశ్న తేలదని తెలుసు. లోటు మమ్మల్ని కదిలించిన మాట నిజం. కొత్త మెడ అల్లడం నేర్పింది మాత్రం పక్కపేటవాళ్ళు.

పేర్లు రాస్తే ఒక్కరిది తప్పినా తాడు వదిలేస్తామన్నారు లాగినవాళ్ళు. కాబట్టి వరసలతోనే చెబుతాను: బావకు, పెద్దమ్మకు, దక్షిణపు తాడు పట్టిన మావలకు, ఉత్తరపు తాడు పట్టిన వదినలకు, గడువు దాటినా పుస్తకం నా దగ్గరే ఉండనిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కు నా దండాలు.