తొడిమ ఉంచుదామా?

మేడమ్ పోయారని కబురు వచ్చేసరికి నేను ఆవకాయ ముక్కలు తుడుస్తున్నాను. ఫోన్ చేసింది మా పాస్టరమ్మగారు. "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా," అన్నారు. సరేనండీ అని ఫోన్ పెట్టేసి మిగిలిన ముక్కలన్నీ తుడిచాను. తడి ఉంటే పచ్చడి బూజు పడుతుంది కదా. పని అయ్యాక ఆ గుడ్డే మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. గుడ్డ నిండా మామిడి పులుపు. కళ్లు మండింది ఏడుపుకో, దానికో చెప్పలేను.

మేడమ్ అంటే బడిలో పాఠం చెప్పిన మేడమ్ కాదు. ఆగిరిపల్లి అవతల మామిడితోటలో ఉండే సైకాలజిస్టు. పట్నంలో పెద్దాసుపత్రిలో పనిచేసి, రిటైరయ్యాక వాళ్ల నాన్నగారి తోటకి వచ్చేశారు. వసారాలో నాలుగు కుర్చీలు వేసి మాలాంటివాళ్లని కూర్చోబెట్టేవారు. మాలాంటివాళ్లంటే ఎవరో చెప్పాలి.

మా నాన్న చాట్రాయిలో పెద్దమనిషి. చర్చి సంఘంలో మాట చెల్లేది. ఇంట్లో మాత్రం మాకు ఆయన బండి చప్పుడే వార్త. గేటు దగ్గర ఇంజన్ వెంటనే ఆపితే ఆ పూట అన్నం సహించేది. ఆపకుండా కాసేపు అలాగే ఉంచితే అమ్మ నన్ను వంటింట్లోకి తోసి తలుపు వేసేది. ఆ తర్వాత జరిగేది ఇక్కడ రాయను. ఎందుకు రాయనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నాన్న పోయాడు. నాకు పెళ్లయింది. మా ఆయన గొంతు పెంచి మాట్లాడటం నేనెరగను. అయినా సాయంత్రం ఆయన బండి వీధి మలుపు తిరిగిందంటే నా చేతిలో గిన్నె వణికేది. నా ఖర్మ ఇంతేలే అని సర్దుకుపోయేదాన్ని. ఒకరోజు మా పాప, అప్పటికి నాలుగేళ్లది, బండి చప్పుడు వినగానే టీవీ కట్టేసింది. బొమ్మలన్నీ మంచం కిందకి తోసింది. నా పక్కకొచ్చి బిక్కుబిక్కుమంటూ నిలబడింది. మా ఆయన తాండ్ర పొట్లం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయారు. "నేనేం చేశాను?" అన్నారు.

ఆయన ఏమీ చేయలేదు. పాపకి ఎవరూ నేర్పలేదు, నన్ను చూసి నేర్చుకుంది. నాతోనే పోతుందిలే అనుకున్న భయం నా కూతురికి కూడా రాబోతోందని ఆ రోజు తెలిసింది. అంత భయం నాకు నాన్న దగ్గర కూడా వేయలేదు.

ఇలాంటివాటికి మావాళ్లకి తెలిసిన వైద్యం సాక్ష్యం. ఉపవాస కూడికలో లేచి, మైకులో అంతా చెప్పేసి, క్షమించేశానంటే విడుదల వస్తుందని నమ్మకం. చాలామందికి వస్తుంది కూడా, కాదనను. మా అత్తగారు ప్రేమతోనే తీసుకెళ్లారు. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఇంటికొచ్చి మంచం ఎక్కినదాన్ని రోజుల తరబడి దిగలేదు. పాప వచ్చి ముట్టుకున్నా ఉలిక్కిపడ్డాను. పాస్టరమ్మగారే హడలిపోయి, "ప్రార్థన నేను చేస్తాను, వైద్యం చేసేవాళ్లు వేరే ఉన్నారు, పద," అని స్కూటర్ ఎక్కించుకుని మేడమ్ దగ్గరికి తీసుకెళ్లారు.

తోటలో కోత జరుగుతోంది. నేను కూర్చోగానే మైకులో చెప్పినట్టే మొదలుపెట్టాను. మేడమ్ చెయ్యెత్తారు.

"ఆగమ్మా. ఇవాళ్టికి ఇంత చాలు."

నాకు ఒళ్లు మండింది. "ఇంత దూరం వచ్చింది నోరు మూసుకోడానికా అండీ?" అన్నాను.

ఆవిడ నవ్వి, కోసిన మామిడికాయల గుట్టలోంచి రెండు కాయలు తెచ్చారు. ఒకదానికి బెత్తెడు తొడిమ ఉంది. రెండోదానికి తొడిమ ఊడిపోయి, సొన కారి, ఒళ్లంతా నల్లటి చారలు.

"తొడిమ ఊడబెరికితే సొన చిమ్ముద్దమ్మా. కాయ మచ్చపడుద్ది, కోసినవాళ్ల చెయ్యీ కాలుద్ది. అందుకే తొడిమ ఉంచి కోస్తాం. తర్వాత నీడలో పెట్టి, తొడిమ తుంచి, బోర్లించి, నిదానంగా కారనిస్తాం. సొన కారాల్సిందే, నేను వద్దనటం లేదు. నిన్ను మైకు ముందు ఊడబెరికారు, అంతే."

అప్పటినుంచి ప్రతిసారీ మా మాటలు ఒక్క ప్రశ్నతోనే ఆగేవి. "తొడిమ ఉంచుదామా?" అనేవారు. నేను ఊఁ అంటేనే ఆపేవారు.

మొదట్లో చాలాకాలం నాన్న ఊసే ఎత్తనివ్వలేదు. నిద్ర ఎలా పడుతోంది, అన్నం తింటున్నావా, ఇవే. చప్పుడుకి గుండె దడదడలాడితే అరికాళ్లు నేలకి గట్టిగా ఆనించి, కళ్లకి కనిపించేవాటి పేర్లు పైకి చెప్పుకుంటూ ఊపిరి మెల్లగా వదలమన్నారు. నిద్రకి మందు కావాలని విజయవాడలో డాక్టరు దగ్గరికి పంపారు. మందు మింగితే విశ్వాసం తగ్గినట్టు కాదా అని మా అత్తగారు అడిగితే, "మీరు బీపీ బిళ్ల మింగటం లేదా వదినగారూ?" అన్నారు.

నా బాధకి పేరు కూడా ఆవిడే చెప్పారు. కాంప్లెక్స్ పీటీఎస్‌డీ. ఒక్కసారి జరిగిన ప్రమాదం మిగిల్చే భయం ఒకరకమట. పారిపోయే దారిలేని చోట, అన్నం పెట్టే మనిషి చేతిలోనే ఏళ్ల తరబడి జరిగితే ఇంకోరకం. భయంతో పాటు నేనెందుకూ పనికిరాననే నమ్మకం వస్తుంది. కోపం వస్తే దిగదు. మనసైనవాళ్లని కూడా దగ్గరికి రానివ్వలేం. నేను పిరికిదాన్నండీ అంటే మేడమ్ ఒప్పుకోలేదు.

"ఆ ఇంట్లో బతకడానికి నీ ఒళ్లు నేర్చుకున్న పని అది. ఇల్లు మారిందని దానికింకా తెలీలేదు. మెల్లగా చెబుదాం."

మా ఆయన్ని పిలిచి, "బాబూ, మలుపులో రెండుసార్లు హారన్ కొట్టి రా. వచ్చేది నువ్వేనని ఈ అమ్మాయికి ముందే తెలవాలి," అన్నారు. పాపతో ఏం చెప్పాలో నాకు నేర్పారు: అమ్మకి చప్పుడంటే భయం, నాన్నంటే కాదు. ఆ చిన్న మాట నా నోటితో అనడానికి నాకు చాలా రోజులు పట్టింది. మా నాన్న సంగతులు ఆ తర్వాతే, కొంచెం కొంచెంగా మొదలుపెట్టాం.

మేడమ్ అలవాట్లు మొదట్లో నాకు చాదస్తంగా ఉండేవి. తలుపు పక్క కుర్చీ ఎప్పుడూ వచ్చినవాళ్లకే, బయటికి దారి కనపడుతూ ఉండాలని. లేచేముందు "కిటికీ తీయడానికి లేస్తున్నానమ్మా" అని చెప్పి లేచేవారు. ఆవిడ తుమ్మితే తోటలో కాకులు లేచేవి. అందుకని ముక్కు నలుపుకుంటూ "తుమ్మొస్తోంది, తుమ్మొస్తోంది!" అని కేకపెట్టి మరీ తుమ్మేవారు. టీ సంగతి ఎత్తకపోవడమే మంచిది. చదువంతా మనసు మీద పెట్టారు, పాలు ఎప్పుడు పొయ్యాలో నేర్చుకోలేదు.

బాగైపోయాననుకున్న రోజుల్లో మా ఇంటి పక్కతోటలో ఎవరో పాత డీజిల్ ఇంజన్ స్టార్ట్ చేశారు. అచ్చం మా నాన్న బండి చప్పుడే. తేరుకునేసరికి పాపని పొదువుకుని బాత్రూంలో ఉన్నాను, తలుపు గడియ పెట్టి. మర్నాడు మేడమ్ ముందు కూర్చుని అంతా బూడిదలో పోసిన పన్నీరైందని ఏడ్చాను. ఆవిడ ఎదురుగా ఉన్న చెట్టు చూపించారు. "పోయినేడు అది విరగకాసింది. ఈ ఏడు ఒట్టి ఆకే. గొడ్డలి తెమ్మంటావా?"

ఎప్పటికైనా పూర్తిగా పోతుందా అని అడిగాను. "నీకు అబద్ధం చెప్పలేనమ్మా. బండి వస్తే వినపడుద్ది. పరుగెత్తాల్సిన పని ఉండదు."

భూస్థాపన అయ్యాక మూడోనాడు, మేడమ్‌ని తలుచుకోడానికి చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. లోపలికి వెళ్లగానే ఒకటి చూసి నవ్వు, ఏడుపు కలిసొచ్చాయి. ముందు వరసలు ఖాళీ. తలుపుల పక్క కుర్చీలు, గోడ వార కుర్చీలు మాత్రం నిండిపోయాయి. ఒకరికొకరం తెలియదు, కానీ ఎవరెవరు ఆ వసారాలో ఆ టీ తాగారో తెలిసిపోయింది.

"మేడమ్ వల్ల మేలు పొందినవాళ్లు ఎవరైనా రెండు మాటలు చెప్పండి," అని పాస్టరుగారు మైకు చాపారు. ఎవరూ కదల్లేదు. లేస్తే, ఈవిడకేం జబ్బో అని ఊరంతా అడుగుతుంది. ఆవిడ గురించి ఒక్క మాటైనా లేకుండా కూడిక అయిపోతుందేమోనని నాకు దుఃఖం వచ్చింది. లేచాను. అరికాళ్లు నేలకి ఆనించి, మైకు తీసుకున్నాను.

"మేడమ్ దగ్గర నేను టీ తాగేదాన్నండి. అస్సలు బాగుండేది కాదు." గోడ వార ఎవరో కిసుక్కున నవ్వారు. "ఆవిడ నన్ను తొందరపెట్టలేదు. ఈవేళ నా కూతురు ఇంట్లో గట్టిగా అల్లరి చేస్తోందంటే అది ఆవిడ చలవే. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. ఇవాళ్టికి తొడిమ ఉంచుతాను."

పాస్టరుగారికి అర్థం కాలేదు. వెనక కుర్చీల్లో ఒక పెద్దాయన కండువాతో మొహం కప్పుకున్నాడు.

ఆ సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను, పాప టీవీ చూస్తోంది. బండి మలుపు తిరిగింది. కూడికకి వచ్చిన బంధువుల్ని బస్సెక్కించి వస్తున్నారు మా ఆయన, ఆ ధ్యాసలో హారన్ కొట్టడం మరిచిపోయారు. నాకు వినపడింది. భుజాలు కొంచెం లేచాయి, దిగాయి. గిన్నె చేతిలోనే ఉంది. గేటు దగ్గర ఇంజన్ ఇంకా ఆగలేదు, పాప చెప్పులు కూడా వేసుకోకుండా, టీవీ అలా మోగుతుండగానే, "నాన్నొచ్చాడు!" అని అరుచుకుంటూ వాకిట్లోకి పరుగెత్తింది.