నాయనమ్మ తుపాకీ కంత

ఇందాక మదీనాగూడల మా అపార్ట్‌మెంట్ యాప్ టింగుమన్నది. "గేటు దగ్గర విజిటర్. పంపాలా, వద్దా?" ఎవరా అని చూస్తే మా చిన్నాయన!

గడీలల్ల పెరిగినోళ్లు ఎవరన్న ఉన్నరా దోస్తులూ? నాకు మా పాత గడి, కోటలెక్కుండే ఆ ఇల్లు, యాదికొచ్చింది. ఎండాకాలంల గూడ సల్లగుండే మందపు గోడలు, తడి సున్నం వాసన, మూలకొక బురుజు. బురుజు గోడలకు తుపాకులు పెట్టే కంతలుండేవి, లోపల వెడల్పు, బయట సన్నం. ఒకప్పుడు వాటిని చూస్తే ఊరంతా వణికేదట.

మా కాలానికి తుపాకులు లేవు, నాయనమ్మ ఉండేది. కంతకు కన్ను పెట్టి, ఎవరన్న వస్తుంటే వంటింట్లకు కేకేసేది: "ఇంకో సోలెడు బియ్యం పొయ్యుండ్రి!" తర్వాత కంతలకెళ్లి వచ్చినోళ్లను అడిగేది: "తిన్నవా బిడ్డా?" ఒకసారి కొత్త గాజులాయన గోడే మాట్లాడిందనుకొని గంప ఆడనే ఇడిసిపెట్టి ఉరికిండు. మేము ఎంబడి ఉరికి, పట్టుకొచ్చి, బువ్వ పెట్టినం.

యాప్‌ల "తిన్నవా" అని అడిగే బటన్ లేదు. బాల్కనీలకు పోయి కిందికి కేకేసిన: "తిన్నవా చిన్నాయనా?"

సెక్యూరిటీ ఆయన ఉలిక్కిపడి గోడల దిక్కు చూసిండు. చిన్నాయన తల గూడ ఎత్తలేదు.

"లేదు బిడ్డా, ఇంకో సోలెడు పొయ్యి!"