తాళం కప్ప లేని తలుపు

కొత్త దేశంలో దిగితే కొందరు తిండి చూస్తారు, కొందరు కోటలూ గుళ్ళూ చూస్తారు. నేను తాళాలు చూస్తాను. తలుపు ఎటు తెరుచుకుంటుంది, తాళం ఎక్కడుంది, ఎవరు వేస్తే పడుతుంది అని చూడందే నాకు ఆ ఊళ్ళో కాలు నిలవదు. మార్కాపురంలో మా నాయన పెట్టిన పలకరాయి వ్యాపారం కూతురినైన నా చేతికి వచ్చాక, నమూనా బిళ్ళలు పెట్టెలో సర్దుకుని కొనేవాళ్ళ దేశాలకు పోవాల్సి వచ్చింది. మొదటిసారి పోయిన జర్మనీలోనే ఒక తలుపు నన్ను వీధిలో నిలబెట్టింది. ఈ పిచ్చి అప్పుడే పట్టుకుంది.

అక్కడ ఒక పెద్దావిడ ఇంట్లో కింది గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ పై వాటాలో ఒక్కతే ఉంటుంది. పొద్దున లేచి చూస్తే మంచు కురుస్తోంది. మా పడమటి ప్రకాశంలో వాన పడితేనే వీధిలోకి వచ్చి చూస్తాం, మంచు పడితే ఊరుకుంటానా? మేజోళ్ళతోనే గడప దాటాను. వెనక తలుపు దానంతటదే దగ్గరకు జరిగి టిక్కుమంది. తోశాను. రెండు చేతులతో తోశాను. ఊహూఁ.

మన ఇళ్ళలో తలుపు మూయడం ఒక పని, తాళం వేయడం ఇంకో పని. గొళ్ళెం పెట్టాలి, తాళం కప్ప తగిలించాలి, చెవి తిప్పాలి, కప్పను పట్టుకుని లాగి చూడాలి. వీధి మలుపు దాకా పోయి అనుమానం వచ్చి తిరిగొచ్చి మళ్ళీ లాగి చూడాలి. ఇంత తతంగం ఉంటే గానీ తాళం వేసినట్టు మనసు ఒప్పుకోదు. అక్కడ గాలి వీస్తే చాలు, ఇంటికి తాళం పడిపోతుంది.

నేను గంట నొక్కితే పెద్దావిడ దిగి వచ్చింది. ఆవిడకూ నాకూ ఉన్న ఇంగ్లీషు అంతంతమాత్రమే. "తాళంచెవి లేకుండా బయటకు ఎందుకు వచ్చావు?" అని ఆవిడ. "నేను వేయకుండా తాళం ఎలా పడింది?" అని నేను. ఇద్దరమూ న్యాయంగానే అడిగాం. లోపలికి వెళ్ళి కాఫీ తాగుతూ ఆవిడను ఇంకో మాట అడిగాను. బయట కప్ప వేలాడకపోతే ఇంట్లో మనుషులు ఉన్నదీ లేనిదీ తెలిసేదెట్లా అని. ఆవిడ నవ్వి, దొంగలకు తెలియకూడదనే కదా అంది. నిజమే సుమా అనిపించింది. మనం తాళం కప్ప తగిలించి, ఇంట్లో ఎవరూ లేరు బాబూ రండి అని ఊరందరికీ చాటింపు వేసి పోతున్నాం!

తర్వాత పోయిన చోటల్లా చూస్తూనే ఉన్నాను. ఇటలీలో ఒక వ్యాపారి ఇంట్లో లోపలి నుంచి కూడా చెవితోనే తాళం వేశారు. అదీ ఒక చుట్టు కాదు, తిప్పుతూనే ఉన్నారు. చెవి కనబడకపోతే సొంత ఇంట్లోంచి బయటపడే దారి లేదు. మంటలు అంటుకుంటే ఎట్లా అని అడిగితే ఆయన భుజాలు ఎగరేశాడు. జపానులో ఒక ఇంటి తలుపును నేను తోస్తూ ఉంటే లోపలివాళ్ళు నన్ను చూసి నవ్వాపుకోలేకపోయారు. అది బయటకు తెరుచుకునే తలుపు. గడప లోపలే చెప్పులు విడుస్తారు గదా, తలుపు లోపలికి తెరుచుకుంటే ఆ చెప్పులన్నీ ఈడ్చుకుపోతుంది. కారణం తెలిశాక నాకు ఆ తలుపు మీద గౌరవం పుట్టింది.

ఈ ముచ్చట్లన్నీ ఇంటికి వచ్చి చెబితే శ్రద్ధగా వినేది మా అత్త ఒక్కతే. నాయన చెల్లెలు. రవికలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి, నోరు అంతకన్నా తిరిగింది. మామ పోయాక ఎవరింట్లోనూ ఉండనని, మా వీధిలోనే సొంత సంపాదనతో చిన్న మిద్దె ఇల్లు మొదలుపెట్టింది. అప్పట్లో జిల్లాల గీతలు మళ్ళీ గీస్తున్నారు. మనం ఏ జిల్లాలో తేలతామోనని వీధి అరుగుల మీద అందరూ తలలు పట్టుకుంటుంటే, ఆమె మాత్రం ఇసుక లారీ ఎప్పుడొస్తుందా అని చూసేది.

కాలేజీ సెలవులకు వచ్చిన మా అమ్మాయి రోజంతా కంప్యూటరులో ఆటలు ఆడేది. తిట్టడానికని పోయి పక్కన కూర్చుని నేనే ఇరుక్కుపోయాను. ఆ ఆటల్లో తలుపులు ఇంకో లోకం. వీధి నిండా ఇళ్ళుంటాయి, తలుపులన్నీ ఉత్త బొమ్మలు. తెరుచుకునేది ఒకటో రెండో. తాళం ఉన్నచోట మన వీరుడు ఒక తీగముక్క దూర్చి అటూ ఇటూ కదిపితే తెరుచుకుంటుంది. కొన్ని తలుపుల దగ్గర మాత్రం 'ఇటువైపు నుంచి తెరుచుకోదు' అని అక్షరాలు వస్తాయి. అప్పుడు ఎక్కడెక్కడో తిరిగి, గోడలెక్కి, అవతలి వైపుకు చేరి తీయాలి.

అత్త ఒకరోజు రవిక గుండీలు కుట్టుకుంటూ చూసింది. వీరుడు ఎవరింట్లోనో దూరి కుండలూ పెట్టెలూ వెతుకుతున్నాడు. ఇంటావిడ పొయ్యి దగ్గర నిలబడే ఉంది.

"ఏందే ఇది? తలుపన్నా తట్టకుండా పోయినాడు. ఆయమ్మ ఏమనదా?"

"ఏమనదు అవ్వా. ఆటలో అంతే."

"అంతే ఏంది? వచ్చినోడు మంచోడో చెడ్డోడో, ఎవరు నాయనా నువ్వు అని అడగదా?" అంటుండగానే వీరుడు తలుపు బార్లా తెరిచి పెట్టి వెళ్ళిపోయాడు. అత్తకు ఒళ్ళు మండింది. "పోయేటప్పుడు తలుపన్నా దగ్గరికెయ్యడే! కోతులు రావా, కుక్కలు రావా? అట్లాంటోణ్ణి గెలిపిస్తావేందే నువ్వు?"

మా అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఆ మాట మనసులో నాటుకుంది. ఎంత వెతికినా ఆ ఆటల్లో తలుపు తట్టేవాడూ, ఎవరది అని అడిగేవాళ్ళూ కనిపించలేదు.

అత్త ఇంటికి తలుపులు బిగించే రోజున నేను పోయి పెద్దరికం చేశాను. మూస్తే దానంతటదే పడే తాళం ఒకటి ఒంగోలు నుంచి తెప్పించి వీధి తలుపుకు పెట్టించాను. లోపలి నుంచి పిడి తిప్పితే తెరుచుకుంటుంది, బయటి నుంచి చెవి ఉంటేనే. వడ్రంగి గొళ్ళెం పక్కన పడేయబోతే అత్త అడ్డం పడింది.

"అది గూడ కొట్టు నాయనా. బీగం ఎట్ల తగిలించాల నేను?" తాళం కప్పను ఆమె బీగం అంటుంది.

"ఈ తాళం ఉంటే ఇంక బీగం ఎందుకత్తా? నువ్వు ఊర్లో లేవని దొంగలకు చెప్పుకోవడానికా?"

"దొంగలకే ఎందుకు తెలుస్తదమ్మీ, వీధికి తెలుస్తది గదా. బీగం ఉంటే నేను ఊరికి పోయినట్టు. బీగం లేకుంటే ఇంట్లో ఉన్నట్టు. ఆ గుర్తే లేకుంటే నేనేమైనానో ఎవరికి ఎరుక?"

"సరేలే, ఒక చెవి నా దగ్గర పెట్టు మరి."

"నీకెందుకు? చచ్చినా బతికినా నేనీడనే ఉంటా గదా," అని చెవులన్నీ గుత్తికి ఎక్కించి బొడ్లో దోపుకుంది.

ఆనాటి నుంచి అత్త గిద్దలూరుకు లంగా జాకెట్ల గుడ్డలకు పోయినా, తర్లుపాడు పెళ్ళికి పోయినా, అప్పటికే తాళం పడిపోయిన తలుపుకు మళ్ళీ అరచేతంత కప్ప తగిలించి, లాగి చూసి మరీ ఆటో ఎక్కేది. నేను ఆటపట్టించని రోజు లేదు. ఆమె పట్టించుకున్న రోజూ లేదు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం రాళ్ళ యార్డు నుంచి నడిచి వస్తున్నాను. దీపాల వేళ. మా వీధిలో ఆ వేళకు ఒక పద్ధతి ఉంది. ముందు పెరటి తలుపు మూసి గడియ పెడతారు, తర్వాత వీధి తలుపు తెరిచి దీపం పెడతారు. లక్ష్మి ముందు నుంచి రావాలి, వెనక నుంచి పోకూడదు. మధ్యాహ్నమంతా ఎండకూ కోతులకూ మూసి ఉన్న తలుపులు ఆ వేళకు వరసగా తెరుచుకుంటాయి. అన్ని గడపల్లోంచీ వెలుతురు పడుతోంది. అత్త తలుపు మూసి ఉంది. అరుగు దగ్గర పక్కింటి అక్క నిలబడి ఆ తలుపు వంకే చూస్తోంది.

"అత్త ఊరికి పోయిందా అక్కా?" అన్నాను.

"బీగం లేదు గదా పాపా," అంది ఆమె. "బీగం లేదు, తలుపూ తియ్యలేదు. ఇందాక పెరటి తలుపు గడియ పెట్టిన చప్పుడు నా చెవులారా విన్నా. అది పెట్టిన మనిషి వచ్చి ఇది తియ్యాల గదా?"

పెరటి తలుపుకూ వీధి తలుపుకూ మధ్య ఉన్నది ఒక వంటగది, ఒక నడవ. అంత దూరం నడవడానికి అత్తకు ఇంతసేపు పట్టదు. పిలిచాను, తలుపు బాదాను. ఫోను చేస్తే లోపల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. నేనే పెట్టించిన తాళం, నేనే తోస్తున్నాను. ఆ మేజోళ్ళ పొద్దున తోసినట్టే తోస్తున్నాను. అప్పుడు సిగ్గేసింది, ఇప్పుడు భయమేస్తోంది. వీధిలో జనం చేరారు. గడ్డపార తెమ్మని ఒకరు, వడ్రంగిని పిలవమని ఒకరు.

మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. తలుపు చూసింది, నన్ను చూసింది. "అమ్మా, ఇది ఇటువైపు నుంచి తెరుచుకోదు. అటు పోవాల," అని పక్కింటి మెట్లెక్కింది. మా వీధిలో మిద్దెలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పిట్టగోడ దాటితే అత్త మిద్దె. ఆ మిద్దె మీది తలుపుకు గడియ సరిగా పడదు. కోతులు తోయకుండా అత్త లోపలి నుంచి ఒక పలకరాతి బండ ఆనించి పెట్టేది, మా యార్డు నుంచి తెచ్చుకున్నదే. అది దబ్బున పడి ముక్కలైన చప్పుడు వీధిలోకి వినిపించింది. ఆ తర్వాత "అవ్వా!" అన్న కేక. తలుపు లోపలి పిడి తిరిగింది.

అత్త నడవలో ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. ఒంట్లో చక్కెర పడిపోయి కళ్ళు తిరిగాయట, తుంటి ఎముక విరిగింది. మేం ముఖాన నీళ్ళు చల్లుతుంటే కళ్ళు తెరిచి, "దీపం పెట్టినారా?" అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పక్కింటి అక్క మాత్రం మారు మాట్లాడకుండా పోయి దీపం వెలిగించి వచ్చింది. అంబులెన్సు వచ్చేదాకా అత్త చెయ్యి నా చేతిలోనే ఉంది.

ఒంగోలులో ఆపరేషను చేసిన డాక్టరు, చక్కెర అంత పడిపోయిన మనిషి తెల్లారేదాకా అలాగే ఉంటే దక్కేది కాదన్నాడు. తెల్లారాక మాత్రం ఎవరికి తెలిసేది, ఆ అక్క కన్ను గొళ్ళెం మీద పడకపోతే? అత్త చేతికర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక ఒక తాళంచెవి నాకు, ఒకటి పక్కింటికి ఇచ్చింది. బీగం మాత్రం ఇప్పటికీ తగిలిస్తుంది. నేను ఆటపట్టించడం మానేశాను.

మళ్ళీ చలికాలం జర్మనీకి పోయాను. అదే ఇల్లు, అదే కింది గది. పెద్దావిడ ఇంకాస్త వంగింది. అత్త సంగతంతా చెప్పి, మొహమాటం పక్కనపెట్టి అడిగాను: "మీరు పైన పడిపోతే ఎవరికి తెలుస్తుంది?"

ఆవిడ నన్ను కిటికీ దగ్గరకు తీసుకుపోయింది. ఆ దేశంలో కిటికీలకు బయటివైపు చుట్టలా పైకి లేచే రేకు తలుపులుంటాయి. రాత్రి దింపుతాను, పొద్దున లేవగానే ఎత్తుతాను అంది. ఎదురింట్లోనూ ఒంటరి ఆవిడే. ఈమెది ఆమె చూస్తుంది, ఆమెది ఈమె చూస్తుంది. కాఫీ వేళకు రేకు లేవకపోతే ఫోను చేస్తారు. ఎత్తకపోతే తమ దగ్గరుంచిన ఇంకో చెవి తీసుకుని వస్తారు.

"మరి పోయినసారి నాకు చెప్పలేదే?"

"పోయినసారి మనం దొంగల గురించి మాట్లాడుకున్నాం కదా," అంది.

అత్తకు ఫోను చేసి చెప్పాను. ఆమెకు పట్టరాని సంతోషం. "చూసినావా? వాళ్ళకు గూడ బీగం ఉంది. కిటికీకి పెట్టుకున్నారు, అంతే." ఫోను పెట్టేసే ముందు, "ఆడ ఉన్నన్ని దినాలు నువ్వు గూడ ఒక కన్నేసి చూడమ్మీ," అంది.

మర్నాడు పొద్దున తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, ఈసారి బూట్లు వేసుకుని బయటకు వచ్చాను. మంచు పడుతోంది. తలెత్తి చూస్తే పై కిటికీ రేకు ఇంకా దిగే ఉంది. ఎదురింటావిడ అప్పటికే తన కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం. రొట్టెల దుకాణానికి పోవాలని బయల్దేరిన దాన్ని, అడుగు వేయలేకపోయాను. కాసేపటికి రేకు కిర్రుమంటూ పైకి లేచింది. ఎదురింటావిడ నాకు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళింది. నేను రొట్టెలకు నడిచాను.